పక్కన ఇంకో రెండించుల పైపు

ఉగాదికి ఊరికి పోతే, ఓళిగలు తిని చెయ్యి కడుక్కునే లోపలే చిన్నాన్న నన్ను మోటారు దగ్గరికి లాక్కెళ్లాడు.

మాది అనంతపురం జిల్లా, నార్పల వైపు. చీనీ తోటలు. చిన్నాన్నకు కింద చేలో బోరు ఉంది. బోరు నీళ్లు పక్కనున్న నలభై వేల లీటర్ల సంపులో పడతాయి. సంపు గట్టున 3 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు. దాన్నుంచి భూమిలో పూడ్చిన రెండించుల పైపు గుట్ట వాలులో ఉన్న పై తోటకు పోతుంది. ఆ తోటకు డ్రిప్ ఇంకా పడలేదు, పాదులకే పారిస్తారు.

"నీళ్లు సన్నగా వస్తాండాయిరా. కరెంటు ఉన్నంతసేపూ పారిచ్చినా పై వరసలకు అందడం లేదు. మెకానిక్కేమో మోటారు చాలదు, 5 హెచ్‌పీ ఎయ్యమంటాండాడు. నువ్వు పైపుల ఇంజనీరువి గదా, చెప్పు" అన్నాడు.

పైపుల ఇంజనీరునే. హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా అదే పని. కానీ నా పైపులన్నీ కంప్యూటర్ తెర మీద ఉంటాయి. సైజు, పొడవు, ద్రవం పేరు ఇస్తే సాఫ్ట్‌వేర్ లాస్ ఎంతో, అంటే దారిలో రాపిడికి పోయేది ఎంతో చెప్పేస్తుంది. నేను వేసిన లైనులో నీళ్లు పారడం కళ్లారా చూసింది రెండు మూడు సార్లకు మించి లేదు. ఆ సంగతి చిన్నాన్నకు చెప్పలేదు.

ముందు ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలియాలి. "ఎన్ని వస్తాయి చిన్నాన్నా?" అంటే "రెండించుల నీళ్లు" అన్నాడు. మా వైపు అందరూ అలాగే చెప్తారు. బోరు వేస్తే "ఒకటిన్నర ఇంచు పడినాయి" అంటారు. ఇంచు అనేది నీళ్లను కొలిచే మాట కాదు, రెండించుల పైపులో సెకనుకు ఒక లీటరూ పారొచ్చు, ఆరు లీటర్లూ పారొచ్చు అని మొదలుపెట్టాను. ఆయన ముఖం చూసి మానుకున్నాను.

పై తోటలో మందు కలిపే రెండొందల లీటర్ల డ్రమ్ము ఉంది. దాన్ని పైపు మూతి కింద పెట్టి ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కాను. మూడుసార్లు నింపితే 49, 51, 50 సెకన్లు వచ్చింది. అంటే సెకనుకు 4 లీటర్లు. మా ఆఫీసులో ఎవరికీ ఇంత కచ్చితమైన ఫ్లో రీడింగు చేతికి రాదు, ఇది మాత్రం నిజం.

పొడవు కొలవాల్సిన పని పడలేదు. పైపులు కొన్న లెక్క చిన్నాన్నకు నోటికే ఉంది. ఆరు మీటర్ల పైపులు 70. అంటే 420 మీటర్లు. మూలమూలకూ ఎల్బోలు, అన్నీ కలిపి తొమ్మిది. రాత్రి మిద్దె మీద కూర్చుని ఎరువుల కొట్టువాడిచ్చిన డైరీలో లెక్క మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ లేకుండా ఈ పని చేసి చాలా ఏళ్లయింది.

ఇక్కడ కొంచెం ఆగి లెక్క సంగతి చెప్పాలి. పంపు నీటికి ఇచ్చే శక్తిని మేం ఎత్తుగా కొలుస్తాం, మీటర్లలో. గేజీ మీద ఒక కేజీ ఒత్తిడి అంటే సుమారు పది మీటర్ల ఎత్తు నీళ్లు. ఆ ఎత్తులో కొంత నిజంగానే నీటిని గుట్ట మీదికి ఎక్కించడానికి పోతుంది. అది ఎవరూ తగ్గించలేనిది, మా తాత కపిల బానతో తోడినా ఆ ఎత్తు ఎత్తాల్సిందే. మిగతాది పైపులో రాపిడికి పోతుంది. ఈ రెండోది ఎంతో చెప్పేదే డార్సీ–వైస్‌బాక్ సూత్రం. పైపు పొడవును లోపలి వ్యాసంతో భాగించాలి, దాన్ని వేగపు వర్గంతో గుణించాలి, రెండు రెట్ల గురుత్వ త్వరణంతో భాగించాలి, చివర ఒక రాపిడి గుణకంతో గుణించాలి. అంతే. అసలు తలనొప్పి అంతా ఆ చివరి గుణకంలోనే ఉంటుంది. దానికి పైపు లోపలి గరుకుదనం కావాలి, నీరు ఎంత కలత పడి పారుతుందో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య కావాలి. మాది పీవీసీ, లోపల గాజులా నున్నగా ఉంటుంది. రెనాల్డ్స్ సంఖ్య లక్ష దాకా వచ్చింది. ఆ రెండింటితో, 1944లో మూడీ గీసిన చార్టు ప్రకారం గుణకం 0.018 దగ్గర పడుతుంది. కాలేజీలో ఆ చార్టు మీద స్కేలు పెట్టి గీతలు చదవడానికి కళ్లు పోయేవి. ఇప్పుడు ఫోనులోనే దొరికింది.

రెండించుల పైపు అంటే 63 మి.మీ. అని కొట్లో రాసిస్తారు. 63తో లెక్క వేశాను. వేగం సెకనుకు 1.28 మీటర్లు, రాపిడికి పోయేది 10 మీటర్లు. ఎల్బోలకు ఒక మీటరు వేసుకుంటే 11. ఏమంత ఎక్కువ కాదు. మెకానిక్కు చెప్పిందే నిజమేమో, మోటారు ముసలిదైందేమో అనుకుని పడుకున్నాను.

పొద్దున్నే నార్పలకు పోయి ఒక ప్రెషర్ గేజీ కొనుక్కొచ్చాను. మోటారు దాటాక ఎన్ఆర్‌వీ ఉంది, మోటారు ఆగితే నీళ్లు వెనక్కి రాకుండా పట్టి ఉంచే వాల్వు. దానికి అవతల, లైను మొదట్లో గేజీ బిగించాం. ఎన్ఆర్‌వీకి ఇవతల బిగించి ఉంటే నాకు సగం సంగతే తెలిసేది. ఎందుకంటే మోటారు ఆపేశాక కూడా పైపు నిండా నీళ్లు నిలిచే ఉంటాయి. అప్పుడు గేజీ చూపించేది అచ్చంగా గుట్ట ఎత్తు. సర్వే అక్కర్లేదు, లెవెల్ మిషను అక్కర్లేదు. ముల్లు 1.1 దగ్గర ఆగింది. అంటే పై తోట మోటారుకన్నా 11 మీటర్ల ఎత్తులో ఉంది.

మోటారు ఆన్ చేశాం. ముల్లు 2.8కి లేచింది.

28లో 11 తీసేస్తే 17. రాత్రి నా లెక్కలో వచ్చింది 11. ఆరు మీటర్లు తేడా. గేజీలు కొంచెం అబద్ధం చెప్తాయి కానీ ఇంత చెప్పవు. పద్నాలుగేళ్ల అనుభవం సంపు గట్టున నిలబడి చెమటలు కక్కింది.

చిన్నాన్న కొడుకు, డిగ్రీ చదివే పిల్లాడు, పాత పైపు ముక్క ఒకటి తెచ్చి అందులోంచి నన్ను చూస్తూ ఆడుతున్నాడు. అప్పుడు వెలిగింది. పీవీసీ పైపుకు 63 అనేది బయటి కొలత. నీళ్లు పారేది లోపల. స్టీలు పైపుల్లో సైజు పేరు వేరు, లోపలి వ్యాసం వేరు అని నేను జూనియర్లకు పాఠాలు చెప్తాను. ఇక్కడ నేనే జారిపడ్డాను. ముక్కను స్కేలుతో కొలిస్తే గోడ మందం రెండున్నర మి.మీ. రెండు వైపులా తీసేస్తే లోపల 58.

ఐదు మిల్లీమీటర్లకు ఇంత తేడానా అని మీరు అడగొచ్చు, పిల్లాడూ అడిగాడు. అదే నీరు సగం వ్యాసమున్న పైపులో పారాలంటే ఏమవుతుందో చూడండి. నోరు నాలుగో వంతవుతుంది కాబట్టి వేగం నాలుగింతలు. లాస్ వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి పదహారింతలు. సూత్రంలో వ్యాసం కింద కూడా ఉంది కాబట్టి ఇంకో రెండింతలు. మొత్తం ముప్పై రెండింతలు. వ్యాసం ఐదో ఘాతంతో దెబ్బ కొడుతుంది. 63ను 58తో భాగించి ఐదుసార్లు గుణించుకుంటే ఒకటిన్నర వస్తుంది. నా 10 మీటర్లు 15 అయ్యాయి. ఎల్బోలూ మూతీ కలిపి ఒక మీటరు పైచిలుకు. 16 దాటింది. గేజీ 17 అంటోంది. ఈ మాత్రం తేడాకు నేను గేజీనే తిడతాను.

అనుమానం తీరక వాటర్ సప్లై వాళ్లు వాడే హేజెన్–విలియమ్స్ సూత్రంతో కూడా వేశాను. అందులో పైపు నునుపుకు ఒక సంఖ్య ఇస్తారు. పీవీసీకి 150, పాత పోతఇనుము పైపుకు 100 దాకా దిగిపోతుంది. దానితో 16 మీటర్లు వచ్చింది. సరే, లెక్క కుదిరింది.

పాత ఇనుప పైపు అనగానే డార్సీ గుర్తొస్తాడు. ఫ్రాన్సులో డిజాన్ అనే ఊరు ఆయనది. అక్కడ తాగడానికి మంచినీళ్లు లేక జనం అవస్థ పడుతుంటే, 12 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊట నుంచి పంపు అన్నదే లేకుండా వాలు మీదే 1840లో ఊళ్లోకి నీళ్లు తెప్పించాడు. తర్వాత ప్యారిస్‌లో రకరకాల పైపులు, కొత్తవీ, తుప్పు పట్టినవీ వరసగా పెట్టి నీళ్లు పారించి కొలిచాడు. అంతకుముందు వాడే సూత్రాల్లో పైపు లోపల ఎలా ఉందన్న ఊసే లేదు. గరుకుదనానికి లెక్కలో చోటు ఉండాలని కొలతలతో చూపించింది ఆయనే. ఆ పుస్తకం 1857లో వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో ఆయన పోయాడు. ఆ మనిషి కూడా మొదట డ్రమ్ములాంటిదేదో నింపే ఉంటాడని నాకు అనిపిస్తుంది.

మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. మంచివాడు, మోటారు చప్పుడు విని బేరింగు సంగతి చెప్పగలడు. "అన్నా, ఎల్బోలు నీళ్లను తినేస్తాయి. అవి తీసి బెండ్లు ఏసి, 5 హెచ్‌పీ పెడితే గుట్ట దాటి అవతల పడతాయి నీళ్లు" అన్నాడు. ఎల్బోల మీద మా ఊళ్లో అందరికీ కోపమే. కానీ మా లైనులో ఒక్కో ఎల్బో తినేది పది సెంటీమీటర్లు, అంటే మూడు మీటర్ల తిన్నటి పైపు తినేదానితో సమానం. తొమ్మిదీ పీకేస్తే ఒక మీటరు కూడా మిగలదు. పైపు తినేది 15. దొంగను వదిలేసి కుక్కను కొట్టినట్టుంటుంది.

5 హెచ్‌పీ సంగతి ఆయన ముందే వేసి చూపించాను. అదే పైపులో ఎక్కువ నీళ్లు తోస్తే లాస్ ఇంకా వేగంగా పెరుగుతుంది. సెకనుకు 5.2 లీటర్లు రావాలంటే రాపిడికే 24 మీటర్లు కావాలి, ఎత్తూ ఎల్బోలూ కలిపితే 37. ఆ పని 5 హెచ్‌పీ మోటారు చేస్తుంది, కానీ అంతే. హెచ్‌పీ మూడు నుంచి ఐదుకు పోతే నీళ్లు నాలుగు నుంచి ఐదూ చిల్లరకు పోతాయి. ఆరు లీటర్లు కావాలంటే ఏడున్నర హెచ్‌పీ కావాలి. వ్యవసాయానికి కరెంటు ఉచితమే కాబట్టి చిన్నాన్నకు బిల్లు బెంగ లేదు. మా ట్రాన్స్‌ఫార్మరు మీద ఇప్పటికే ఉన్న మోటార్లను తలచుకుని నాకే భయమేసింది.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"మూడించుల పైపు ఎయ్యాల చిన్నాన్నా. 90 మి.మీ."

90లో లోపల 84 ఉంటుంది. దానిలో సెకనుకు 6 లీటర్లు పారినా రాపిడికి పోయేది 5 మీటర్ల చిల్లరే. ఇదే 3 హెచ్‌పీ మోటారు, ఇదే గుట్ట. సుమారు 5.7 లీటర్లు వస్తాయని చెప్పాను. డైరీ తిప్పి చూపించాను. నాకు నేనే ముచ్చటపడ్డాను.

చిన్నాన్న డైరీ చూడలేదు. పైపు ధర అడిగాడు. ఒకే కేజీల క్లాసులో, అంటే ఒకే ఒత్తిడిని తట్టుకునే పైపుల్లో, బరువు సైజు వర్గంతో పెరుగుతుంది, ధర బరువును బట్టే ఉంటుంది. 90 పైపు 63 పైపుకు దాదాపు రెట్టింపు. పైగా పాత పైపు తవ్వి తీస్తే సగం విరుగుతుంది.

కొంచెంసేపు సంపులోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "పాతది తీసేదెందుకురా? అది ఆడనే ఉండనీ. దాని పక్కన ఇంకో రెండించులది ఏస్తే?"

నేను నవ్వబోయి ఆగాను. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆఫీసులో మేం సైజు పెంచుతాం, అలవాటు అదే.

లెక్క వేశాను. రెండు లైన్లు పక్కపక్కన ఉంటే నీరు సగం సగం పంచుకుంటుంది. సగం నీటికి లాస్ సగం కాదు, మూడో వంతుకన్నా కిందికి పడిపోతుంది. అవే 4 లీటర్లు పారితే 15 మీటర్లు కాస్తా నాలుగుంపావుకు దిగుతాయి. అయితే పంపు అక్కడ ఊరికే ఉండదు, అడ్డు తగ్గేసరికి ఎక్కువ నీళ్లు తోస్తుంది. ఎక్కడ కుదురుకుంటుందో వెతికితే 5.4 లీటర్ల దగ్గర తేలింది. కొత్తగా 90 వేస్తే 5.7, పాతదాని పక్కన 63 వేస్తే 5.4. ఖర్చు సగం.

"వస్తాయా?" అన్నాడు.

"వస్తాయి చిన్నాన్నా. మూడించుల దానికి దగ్గర దగ్గరగా వస్తాయి."

"అట్లయితే దానికేం చదువు కావాల్రా" అన్నాడు కానీ, ఎగతాళిగా కాదు. కొంచెం సంతోషంగానే.

ఆయనకు ఇంకో అనుమానం ఉండింది. మోటారు మూతి దగ్గర టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి రెండు లైన్లుగా చీల్చినా, మోటారుకూ టీకీ మధ్య ముక్క రెండించులదే కదా, మూతి చిన్నదైతే ఎన్ని పైపులేసి ఏం లాభమని. ఇది చాలామందికి ఉండే అనుమానం. పైపు దారిలో ఒక్కచోట ఇరుకైతే మొత్తం అంతే అనుకుంటారు. కానీ లాస్ పొడవును బట్టి ఉంటుంది. ఆ రెండు మీటర్ల ముక్కలో, మొత్తం నీళ్లు దాంట్లోంచే పోయినా, 12 సెంటీమీటర్లు పోతాయి. మూర కూడా కాదు. నాలుగొందల ఇరవై మీటర్ల ఇరుకు వేరు.

జేసీబీ ఒక పూట పని. రెండడుగుల లోతు గాడి, పాత లైను పక్కనే, ఒకచోట బకెట్టు పళ్లు పాత పైపు అంచును గీకాయి కానీ పగల్లేదు. పైపులు అతికించే సొల్యూషన్ వాసనకు రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. ఈసారి మూలల్లో ఎల్బోలు తగ్గించి పొడుగు బెండ్లు వేశాం, మెకానిక్కు మాట కూడా కొంత నిలబెట్టాలి కదా. ఆఫీసుకు ఇంకో మూడు రోజులు సెలవు పొడిగించాను, కారణం కుటుంబ అవసరం అని రాశాను.

నాలుగో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది. మోటారు ఆన్ చేస్తే మొదట రెండో పైపులోంచి గాలి, తర్వాత మట్టి నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు. పైన రెండు లైన్లను కలిపిన మూతి కింద డ్రమ్ము పెట్టాం. 37 సెకన్లు. సెకనుకు 5.4 లీటర్లు. కింద గేజీ 1.9. అందులో గుట్ట ఎత్తు 11 మీటర్లు పోగా 8. పిల్లాడు కేకేసి చెప్తే కింద నేను డైరీలో రాసుకున్నాను. సంపు నిండా నీళ్లు పై తోటకు ఎక్కించడానికి ఇంతకుముందు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు రెండు గంటలు దాటి మూడు నిమిషాలు.

అప్పుడు మెకానిక్కు స్టార్టరు డబ్బా తెరిచి, "అన్నా, ఆంపియర్లు చూడు" అన్నాడు.

పాత పైపు మీద 4.4 చూపించేది. ఇప్పుడు 5.3. మోటారు మీద బిళ్లలో రాసింది 5. నేను చెప్పి ఉండాల్సింది, మరిచిపోయాను. ఇలాంటి పంపుకు అడ్డు తగ్గితే బరువు తగ్గదు. నీళ్లు ఎక్కువ తోస్తుంది కాబట్టి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. లైను మరీ తేలికైతే మోటారు వేడెక్కి వైండింగు కాలుతుంది. మెకానిక్కుకు ఈ సంగతి నాకన్నా ముందే తెలుసు. పైపు పగిలినప్పుడు ఎన్ని మోటార్లు కాలి ఆయన దగ్గరికి వచ్చాయో.

నేను వంగి గేట్ వాల్వు మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను. రెండు చుట్లు, ఇంకో అర చుట్టు. ఆంపియర్ల ముల్లు 5 దగ్గరికి దిగింది. చిన్నాన్న తల మీద కండువా తీసి ముఖం తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు.

"డెబ్బై పైపులు ఏసి, గాడి తీసి, అడ్డం తగ్గిస్తిమి అంటివి. ఇప్పుడు నువ్వే మల్లా అడ్డం పెడతాండావా?"

పైన పిల్లాడు మళ్లీ డ్రమ్ము నింపాడు. 38 సెకన్లు అని కేక వినిపించింది.